తల్లివైపు నెత్తురు

అద్దంకి కల్యాణమంటపంలో మైకు అందుకునేసరికే డాక్టర్ నస్రత్ గొంతు బొంగురుపోయింది. పొద్దున్నుంచీ ఒక్కో పిల్లాడి మోకాలూ పట్టి చూడటం, వాళ్ళ అమ్మల్ని కసరడం, మళ్ళీ తనే బుజ్జగించడం. రక్తం గడ్డకట్టని జబ్బుల మీద ఆమె పరిశోధన మొదలుపెట్టి సగం జీవితం గడిచిపోయింది. గుంటూరులో ల్యాబు ఉంది, ఫ్రీజర్లున్నాయి, పెద్ద పెద్ద సభల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. అయినా ఏడాదికోసారి ఈ మంటపంలో చాప మీద కూర్చుని పిల్లల కీళ్ళు తడిమితే తప్ప ఆమెకు పని చేసినట్టుండదు.

చీమకుర్తి క్వారీల్లో రాయి కొట్టేవాళ్ళ పిల్లలొచ్చారు, మిరప కౌలు రైతుల పిల్లలొచ్చారు. అందరూ మగపిల్లలే. వెంట వచ్చినవాళ్ళు మాత్రం దాదాపు అందరూ తల్లులే. తండ్రులు ఎందుకొస్తారు? తమ తప్పేం లేదని డాక్టరే చెప్పిందాయె!

"మళ్ళీ చెబుతున్నా, చెవులు పెట్టి వినండి. ఇది తల్లి నుంచి కొడుక్కొస్తుంది. ఆడపిల్లలకు రాదు, వాళ్ళు మోస్తారంతే. అంతమాత్రాన తల్లి తప్పేం లేదు. అర్థమైందా?"

"అయిందండీ" అన్నారు అందరూ, బళ్ళో పిల్లల్లాగా.

అర్థమయ్యేవి మొదటి మాటలే. చివరి మాట మంటపం మెట్లు దిగేలోపే ఎక్కడో జారిపోతుంది, ఇళ్ళకు చేరదు. నస్రత్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఏటేటా దాన్నే ఇంకాస్త గట్టిగా చెబుతుంది, పాపం.

జనం పలచబడ్డాక లక్ష్మీకాంత్ వచ్చాడు. ఎడమ మోకాలు వంగదు కాబట్టి కాలు పక్కకు విసిరి నడుస్తాడు. ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడుగానీ, పాకే వయసులో పెదవి తెగి తొలిసారి ఆమె దగ్గరికొచ్చిన పిల్లాడు. ఆమె రాసిన తొలి పరిశోధన పత్రంలో మొదటి పేషెంటు.

"ఏరా, ఒక్కడివే వచ్చావ్? అమ్మేది?"

"చెల్లి పెద్దమనిషైందండి. ఇంటి నిండా చుట్టాలు. అమ్మకి కదలడానికి లేదు."

"మన తేజశ్రీయేనా! మొన్నటిదాకా నా స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని తిరిగేదిరా! మరి చిమ్మిలుండ తేకుండా ఉత్తి చేతులతో వస్తావా?"

వాడు నవ్వలేదు. చాప మీద కూర్చుని కాలు చాపాడు. ఆమె మోకాలి చిప్ప చుట్టూ వేళ్ళతో నొక్కుతుంటే నేల చూస్తూ చెప్పాడు.

"ఇంకా స్నానం పొయ్యలా. ఆగితే పోద్దామని నాయనమ్మ చూస్తంది. ఆగట్లేదంటండి."

"మొదటిసారి కొంతమందికి అట్లాగే ఉంటుందిలే."

"నోట్లోంచి కూడా వస్తందంట. నేను చూడకూడదుగా, దడి ఇవతల నుంచే పలకరించా. అన్నయ్యా, పొద్దున లేచేసరికి నోరంతా ఉప్పగా ఉంటందిరా అంది."

నస్రత్ చేతులు వాడి మోకాలి మీదే ఆగిపోయాయి.

కోటేశ్వరికి ఫోన్ చేసింది. కోటేశ్వరి లక్ష్మీకాంత్ తల్లి. ఫోనెత్తింది మాత్రం ఆవిడ అత్త సుబ్బరావమ్మ. "పిల్ల పెద్దదైతే నెత్తురు కాక నీళ్ళు కారతయ్యా డాక్టరమ్మా? ఒంట్లో వేడంతా పోతంది, పోనీ. చిమ్మిలి పెడుతున్నాంలే" అని పెట్టేసింది. వెనక రోకలి పోటు వినిపిస్తోంది.

నస్రత్ లేచి నిలబడింది. "మాబూ, జీపు తియ్యి" అని డ్రైవర్ని కేకేసింది. లక్ష్మీకాంత్ కోసం తెచ్చిన మందు సీసాలు ఐసుపెట్టెలో ఉన్నాయి. వాడే ఆ పెట్టె ఎత్తి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

"నా మందు చెల్లికి పనిచేస్తదా అండి?"

"చేస్తుంది. మోసే ఆడవాళ్ళలో కొందరికి గడ్డకట్టే శక్తి సగమే ఉంటుంది. ఈ మందు పడితే ఆగిపోతుంది. నువ్వు కంగారుపడకు."

అంది గానీ కంగారు తనకే. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. అద్దాలు ఎత్తినా ఘాటు లోపలికొచ్చి మాబు తుమ్మాడు. "తేజూకి ముక్కులోంచి నెత్తురు కూడా వచ్చేదండి చిన్నప్పట్నుంచీ. కల్లంలో ఘాటుకి అనుకునేవాళ్ళం" అన్నాడు లక్ష్మీకాంత్. ఆ ఇంట్లో కొడుకు నెత్తురు ఎన్నిసార్లు తీసిందో నస్రత్‌కే గుర్తులేదు. కూతురుది ఒక్కసారీ తియ్యలేదు. తల్లిది తియ్యాల్సిన పనే రాలేదు, తల్లి నుంచే వచ్చిందని పుస్తకాలన్నీ ఘోషిస్తుంటే. ఇక తండ్రిది ఎవరడుగుతారు?

పాలెంలో వాళ్ళ ఇంటిముందు షామియానా వేస్తున్నారు. యలమంద, అంటే పిల్లల తండ్రి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. జీపులోంచి డాక్టరు దిగడం చూసి సంబరపడిపోయాడు.

"మీరే వచ్చారా! నేనే ఫోన్ చేసి పిలుద్దామనుకుంటున్నానండి. ఇదిగో కుర్చీ, కూర్చోండి."

"పిల్ల ఎక్కడుంది?"

వసారా చివర, కోటేశ్వరి తమ్ముడు మేనమామ లాంఛనంగా కొబ్బరాకులతో కట్టిన దడి ఉంది. దాని వెనక తాటాకు చాప మీద తేజశ్రీ ఒళ్ళు ముడుచుకుని పడుకుంది. కాళ్ళకు పసుపు, బుగ్గన చుక్క. ఆ పసుపుకీ ఆ చుక్కకీ మధ్య మొహంలో రంగన్నదే లేదు.

"డాక్టరాంటీ, నన్ను ముట్టుకోకూడదు మీరు" అంది సన్నగా. "మైలంట."

"నాకంటదులే" అని నస్రత్ చాప మీద చతికిలబడి చెయ్యి పట్టుకుంది. నాడి పరుగులు పెడుతోంది, కానీ అందుతోంది. కింది రెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. మోచేతి కింద, నడుం దగ్గర, నల్లగా కమిలిన మచ్చలు. కోటేశ్వరి పక్కనే కూర్చుని మూలనున్న గంప ఎత్తి చూపించింది. గంప కింద గుడ్డలు. నస్రత్ ఒకటి ఎత్తి చూసింది, నెత్తురుతో బరువుగా ఉంది.

"ఎప్పట్నుంచమ్మా ఇట్లా?"

"మొదట్నుంచీ ఇంతేనండి."

"మరి నాకెందుకు ఫోన్ చెయ్యలేదు? కొడుక్కి గీరుకుంటే చాలు, నిమిషంలో చేస్తావే!"

కోటేశ్వరి ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపులో నిష్ఠూరమేమీ లేదు.

"ఆడపిల్లలకు రాదన్నారుగా మీరు" అంది.

నస్రత్ తల తిప్పుకుని చేతిసంచీ తెరిచింది. ముందు పరీక్షకు నెత్తురు తీసుకుంది, అది అలవాటు. తర్వాత లక్ష్మీకాంత్ అందించిన సీసాలు ఒక్కోటీ అరచేతుల మధ్య దొర్లించి, నీటిమందు కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, సిరంజిలోకి లాగి, పిల్ల నరంలోకి నిదానంగా ఎక్కించింది. ముందు మందు, తర్వాత ప్రయాణం. ఈ జబ్బుకు ఆమె పెట్టుకున్న నియమం అది. మందు పడకుండా గతుకుల్లో బండెక్కించిన పిల్లలు దారిలోనే పోయిన రోజులు ఆమె చూసింది.

"గుంటూరు తీసుకుపోవాలి. రక్తం కూడా ఎక్కించాలి. బట్టలు సర్దండి."

అప్పుడు లేచింది సుబ్బరావమ్మ గొంతు. "స్నానం కాకుండా గడప ఎట్టా దాటిస్తారమ్మా? మగపిల్లాడి డాక్టరువి, నీకు ఇయ్యన్నీ ఏం తెలుసు? దాని తల్లి నెత్తురు మా ఇంట్లోకొచ్చి పిల్లాణ్ణి కుంటోణ్ణి చేసింది. ఇప్పుడు పిల్లకి కూడా ఏదో రోగమని ఊరంతా చెప్పుకోవాలా?"

సుబ్బరావమ్మ ఆ మాట అనడం అందరికీ అలవాటే, కోటేశ్వరి వినడమూ అలవాటే. చిత్రమేమిటంటే కోటేశ్వరి ఆమెకు పరాయిదేం కాదు. పెద్దకూతురి కూతురు. సొంత మనవరాల్ని కొడుక్కి చేసుకుంది. జబ్బు తల్లివైపుదని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఆ పిల్లలో తన కూతురు వంతు మర్చిపోయి, అల్లుడి వంశం నెత్తురు మాత్రమే చూడటం మొదలెట్టింది.

కోటేశ్వరి నస్రత్ చెయ్యి పట్టుకుంది. "డాక్టరుగారూ, ఒక్క రెండు బిందెలు పోసి పంపిస్తా. మైలతో గడప దాటిందంటే రేపు దానికి సంబంధాలొచ్చినప్పుడు కూడా ఎత్తి చూపుతారు. నన్నంటే అన్నారు. దాన్ని అననివ్వకండి."

బయట షామియానా వాళ్ళ ట్రాలీ జీపుకు అడ్డంగా ఉంది. మాబు హారన్ కొడుతున్నాడు. ట్రాలీ కదలాలి, జీపు తిప్పాలి, ఎలాగూ కాసేపు పడుతుంది. మందు పడింది. ఈ మందు ఎంతమందిలో ఎంత త్వరగా పట్టు ఇచ్చిందో ఆమెకంటే తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు? పిల్ల మాట్లాడుతోంది.

"కూర్చోబెట్టి పొయ్యండి. గోరువెచ్చగా. తొందరగా కానివ్వండి" అంది నస్రత్. "ఆగిపోతుందిలే అమ్మా, భయం లేదు."

పెరట్లో పీట వేశారు. ఇద్దరు చెరో జబ్బా పట్టుకుని పిల్లను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. తలకు నూనె పెట్టి, నలుగు పెట్టి, పేరంటాళ్ళు పాట అందుకున్నారు. కోటేశ్వరి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. తేజశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళు చల్లగా ఉన్నాయని గునుస్తోంది.

"కాగబెట్టినవేనే!" అని నవ్వింది కోటేశ్వరి. చాలా రోజుల తర్వాత నవ్వింది.

నస్రత్ ఫోన్లో తన ల్యాబ్ టెక్నీషియన్ శ్రీదివ్యకు రక్తం సిద్ధం చేయించమని చెబుతూ పీట కిందికి చూసింది. పసుపు నీళ్ళు కాలవలోకి పారుతున్నాయి. ఆ పసుపులో ఎరుపు తగ్గట్లేదు. ఇంకో చెంబు పోశారు. ఇంకాస్త ఎర్రగా పారింది. ఈపాటికి తగ్గాలే! పూర్తిగా కాకపోయినా కొంతైనా తగ్గాలి కదా!

"అమ్మా, చలేస్తంది" అంది తేజశ్రీ. నడినెత్తిన ఎండ కాస్తోంది. అలా అంటూనే పక్కకు ఒరిగి తల్లి కాళ్ళ మీద పడింది. పాట మధ్యలో ఆగిపోయింది.

తడిబట్టల మీదే దుప్పటి చుట్టి జీపెక్కించారు. వెనక సీట్లో తల్లి ఒళ్ళో తల, నస్రత్ ఒళ్ళో కాళ్ళు. లక్ష్మీకాంత్ ముందు సీట్లో ఐసుపెట్టెతో. యలమంద మోటారుసైకిలు మీద వెనకాలే వస్తున్నాడు. మాబు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. దారంతా మిరప గోతాల ట్రాక్టర్లు, ఒక్కోదాన్ని దాటడానికి ఒక యుద్ధం. కదిలే బండిలోనే నస్రత్ మిగిలిన సీసాలు కూడా ఎక్కించింది. చిలకలూరిపేట దాటేసరికి దుప్పటి తడిసిపోయింది, అది నీళ్ళ తడి కాదు.

అప్పుడు తెలిసిందామెకు. ఈ మందు లోపలికి వెళ్తోంది, కానీ నిలవడం లేదు. దాన్ని రక్తంలో పట్టి ఉంచే ఇంకో పదార్థం ఉంటుంది. అదే ఒంట్లో లేకపోతే ఎంత మందు పోసినా చిల్లుబిందెలో నీళ్ళే. ఆ పదార్థం లేకపోవడం వేరే జబ్బు. పైకి చూడటానికి అచ్చం మగపిల్లల జబ్బులాగే ఉంటుంది, అవే కీళ్ళ వాపులు, అవే పరీక్ష ఫలితాలు. కానీ అది ఆడా మగా చూడదు. ఒక్క తల్లి నుంచి రాదు, తల్లీతండ్రీ ఇద్దరూ చెరో సగం ఇస్తేనే వస్తుంది. ఇదంతా ఆమెకు తెలియక కాదు. ఏటా విద్యార్థులకు పాఠం చెబుతుంది. ఈ ఇంటి గడప లోపల మాత్రం తను ఎప్పుడో చెప్పిన పేరును మళ్ళీ తిరగేసి చూడలేదు.

ఆ పదార్థం ఇంకొకరి ప్లాస్మాలోంచే రావాలి. శ్రీదివ్యకు మళ్ళీ ఫోన్ చేసింది. "రక్తంతో పాటు క్రయో కావాలి. దాతల ప్లాస్మాలోంచి తీసింది, ఎన్ని సంచులుంటే అన్ని. ఇప్పుడే కరిగించమను. గేటు దగ్గర స్ట్రెచరు పెట్టించు. పరుగెత్తు తల్లీ!"

తేజశ్రీ కళ్ళు తెరిచింది. "ఆంటీ, స్నానమైపోయిందిగా. ఇప్పుడు నేను మైల కాదుగా?"

"కాదమ్మా. ఏం కాదు."

"అయితే అన్నయ్యని చూడొచ్చా?"

లక్ష్మీకాంత్ వంగని కాలును సీటు మీదికి లాక్కుని, వెనక్కి తిరిగి, సీటు సందులోంచి చెయ్యి చాపాడు. ఆ పిల్ల వాడి బొటనవేలు పట్టుకుంది. "చిక్కిపోయావేంట్రా?" అంది. వాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే మాబు కూడా కళ్ళు తుడుచుకుంటూ నడిపాడు.

ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచరుంది. శ్రీదివ్య ఉంది. రక్తం, క్రయో అన్నీ ఉన్నాయి. ఒక చేతికి ఎర్ర సంచి, ఇంకో చేతికి లేత పసుపు క్రయో సంచి తగిలించారు. నస్రత్ పసుపు సంచిని రెండు చేతులా పిండుతూ నిలబడింది, తొందరగా దిగాలని. అది సగం దిగేసరికి తేజశ్రీ గుండె ఆగింది. గుండె మీద నొక్కారు, మళ్ళీ నొక్కారు, చేతులు మార్చుకుని నొక్కారు. పొద్దు వాలేవేళకు డ్యూటీ డాక్టరు వెనక్కి జరిగాడు. నస్రత్ ఒక్కతే ఇంకా సంచి పిండుతూ ఉంటే శ్రీదివ్య వచ్చి ఆమె వేళ్ళు విడదీసింది.

బయట బెంచీ మీద కోటేశ్వరి పసుపు చేతులతోనే కూర్చుని ఉంది. నస్రత్ ఎదురుగా వచ్చి నిలబడితే మొహం చూసి గ్రహించింది. కేక పెట్టలేదు. "ఆగిపోతుందన్నారుగా" అని మాత్రం అంది.

నస్రత్ మర్నాడు సెలవు పెట్టలేదు. ఎక్కడికి పోతుంది? ల్యాబుకే వెళ్ళింది. తాటాకు చాప మీద మందు ఎక్కించకముందు తీసిన తేజశ్రీ నెత్తురు గొట్టాన్ని శ్రీదివ్య తిప్పి, ప్లాస్మా విడదీసి ఉంచింది. అడుగు ఫ్రీజరులోంచి లక్ష్మీకాంత్ చిన్నప్పటి ప్లాస్మా కూడా తీయించింది నస్రత్. గోరువెచ్చని నీళ్ళలో ఆ చిన్న గొట్టాలు పెట్టి కరిగించారు. ప్లేటులో గుంటలు నింపి, కడిగి, ఆ పదార్థం ఉంటే పసుపెక్కే రంగు మందు వేసి కూర్చున్నారు. పక్కన మామూలు మనుషుల ప్లాస్మా పోసిన గుంటలన్నీ పసుపెక్కాయి. అన్నాచెల్లెళ్ళ గుంటలు రెండూ నీళ్ళలాగే ఉండిపోయాయి.

"మిషన్‌లో పెట్టి చదవనా మేడం?" అంది శ్రీదివ్య.

"అక్కర్లేదమ్మా. కనబడుతోందిగా."

"మరి మన పేపర్లు? ఆ అబ్బాయి మన మొదటి కేసు కదండీ. ఈ ఊళ్ళల్లో ఇట్లాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో..."

"అందరివీ మళ్ళీ చేద్దాం. అందరివీ, వాళ్ళ అక్కచెల్లెళ్ళవీ. ఆ పేపర్లు తప్పని నేనే రాస్తా. అంతకంటే ముందు ఆ ఇంటికి పోవాలి."

"ఇప్పుడెందుకు మేడం? వాళ్ళు ఆ బాధలో ఉంటారు. తిడతారు కూడా."

"తిట్టనీ" అంది నస్రత్. "నన్ను తిడితే బాగుణ్ణు. వాళ్ళు నన్ను తిట్టరు, కోటేశ్వరిని తిడతారు."

చిన్నదినం అయ్యాక వెళ్ళింది. షామియానా విప్పేశారు. గుంజల గుంటలు ఇంకా పూడ్చలేదు. ఇంటి వెనక కల్లంలో కాయలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు కదా! తిరగెయ్యకపోతే రంగు పోతుంది, మంచుకు తడిస్తే తెల్లబడి తాలవుతాయి. యలమంద వంచిన తల ఎత్తకుండా, కాళ్ళు ఈడుస్తూ కాయలను ఎగదోస్తున్నాడు. కోటేశ్వరి ఒక మూల కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. కూలి మనుషులు ఆ వారం రాలేదు. సుబ్బరావమ్మ గోడ నీడన కూలబడి ఉంది. నస్రత్‌ను చూడగానే గొల్లుమంది.

"వచ్చావా డాక్టరమ్మా! చూశావా మా ఖర్మ! కొడుకుని కుంటోణ్ణి చేసింది చాలక కూతుర్ని కూడా మింగింది దాని నెత్తురు!"

కోటేశ్వరి చేతులు ఆగలేదు. ఒక తాలుకాయ తీసి పక్కన పడేసింది, ఇంకోటి తీసింది.

"ఆ మాట నేను చెప్పిందే. అది తప్పమ్మా" అంది నస్రత్. మంటపంలో మైకుంటుంది. ఇక్కడ ఎండలో నిలబడి, మైకు లేకుండా, తన గొంతు తనకే వినబడేలా చెప్పింది. "లక్ష్మీకాంత్‌ది నేననుకున్న జబ్బు కాదు. ఇద్దరు పిల్లలదీ ఒకటే జబ్బు. అది ఒక్క తల్లి నుంచి రాదు. తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం, రెండూ కలిస్తేనే వస్తుంది. కోటేశ్వరి ఎంత ఇచ్చిందో యలమందా అంతే ఇచ్చాడు."

యలమంద కాయల మధ్యలో నిలబడిపోయాడు. "నేనా? నాకేముందండీ? నాకెప్పుడూ చిన్న దెబ్బకి కూడా ఏం కాలా!"

"కోటేశ్వరికి మాత్రం ఏమైంది యలమందా?"

అతను పెళ్ళాం వైపు చూడబోయి, చూడలేక, కాళ్ళ కింద కాయల వైపు చూశాడు.

కోటేశ్వరి అప్పుడు చేటలో కాయలు వదిలి లేచింది. మొగుడి వైపు చెయ్యి చూపి, మెల్లగా, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అంది. "మావయ్య దగ్గరున్నది ఈ ఇంట్లోంచే వచ్చిందిగా అండీ. మా అమ్మా ఈ ఇంటి పిల్లే. అంటే నాకొచ్చింది కూడా..."

"ఈ ఇంట్లోంచే వచ్చి ఉండాలి. సొంత మేనమామనే చేసుకున్నావు కదమ్మా. పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది."

"మా నాన్నని చచ్చేదాకా ఈ గడప తొక్కనియ్యలేదండి. నీ వంశం నెత్తురేరా అని మొహం మీదే అనేది అమ్మమ్మ. మా నాన్న ఆ మాట నమ్మే పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నా వల్లేనమ్మా నీకీ కష్టం అన్నాడు." కోటేశ్వరి గొంతు ఇప్పటిదాకా ఎవరూ వినని ఎత్తుకు లేచింది. "నేను కూడా నమ్మా. పిల్లాడి కాలు వాచినప్పుడల్లా నా ఒళ్ళు నేనే గిచ్చుకునేదాన్ని. ఆడపిల్ల పుట్టిన రోజున మాత్రం పండగ చేసుకున్నానండీ! దీనికి రాదు, దీన్ని నేనేం చెయ్యలేదని. ఇప్పుడొచ్చి మాట మారుస్తున్నారా? ఈ మాట మార్చడానికి మీకు నా తేజూ కావాల్సొచ్చిందా డాక్టరుగారూ?"

ఆ రోజుల్లో ఆ పరీక్షకు సరుకు దొరికేది కాదని నస్రత్ చెప్పొచ్చు. తర్వాత దొరికింది కదా! "నేను కొడుకునే చూశానమ్మా. నిన్ను చూడలేదు, దాన్ని చూడలేదు. నాదే తప్పు" అంది. కళ్ళ నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోలేదు.

గోడ నీడన సుబ్బరావమ్మ ఏడుపు ఎప్పుడు మానేసిందో కూడా ఎవరూ గమనించలేదు.

"మీ చెల్లెలికి ఆడపిల్లలున్నారు కదమ్మా" అంది నస్రత్ చివరికి కోటేశ్వరితో. "మీవి ముగ్గురివీ చూస్తే ఇది ఎటునుంచి ఎటు వెళ్ళిందో తెలుస్తుంది. వాళ్ళనైనా ముందే కాచుకోవచ్చు. ఇష్టమైతేనే ఇవ్వండి."

యలమంద చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ ముందుకొచ్చాడు. కోటేశ్వరి అడ్డం వచ్చింది.

"ముందు ఆవిడ దగ్గర తియ్యండి" అంది.

సుబ్బరావమ్మ తలెత్తింది. "నా దగ్గరెందుకే?" అంది గానీ ఆ గొంతులో దబాయింపు లేదు. కోటేశ్వరి కదల్లేదు. ముసలామె కాసేపు మనవరాలి మొహం చూసింది. "నాదో, చచ్చిన మీ తాతదో" అని గొణిగి, గాజులు పైకి తోసుకుని చెయ్యి చాపింది.

నస్రత్ గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎండిన చెయ్యి, నరాలు చర్మం కింద జారిపోతున్నాయి. పట్టీ బిగించి, వేలితో తడిమి, రెండోసారికి సూది దింపింది. గొట్టంలోకి నెత్తురు నల్లగా ఎక్కింది. ముసలామె అటే రెప్ప వెయ్యకుండా చూస్తోంది. సూది తీసి నస్రత్ దూది పెట్టబోతే, ఆమె చేతిలోంచి ఆ దూది కోటేశ్వరి తీసుకుంది. అమ్మమ్మ పక్కన కూర్చుని, మోచేతి మడతలో పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టింది. మొహం వంక చూడలేదు. సుబ్బరావమ్మే దాని మొహం వంక చూస్తూ ఉంది.

నస్రత్ యలమంద దగ్గర, తర్వాత కోటేశ్వరి రెండో చేతి నుంచి తీసుకుంది. గొట్టాల మీద పేర్లు రాసి పెట్టెలో పెట్టింది. తిరిగి చూస్తే కోటేశ్వరి ఇంకా అలాగే పట్టుకుని ఉంది.

"చాలమ్మా. ఆవిడకు ఎప్పుడో ఆగిపోయింది, వదిలెయ్" అంది నస్రత్.

"ఆగిందంటే నమ్మబుద్ధి కావట్లేదండి" అంది కోటేశ్వరి. వేలు తియ్యలేదు.